సాక్ష్యాల బల్ల మీద నూనె గిన్నె

మా కోర్టు హాల్లో గోడకు పెద్ద టీవీ బిగించినప్పుడు, దాన్ని ఎవరు నడపాలి అనే ప్రశ్న వచ్చింది. హెడ్ క్లర్కు గారు తనకు కళ్లు సరిగా కనిపించవన్నారు. బెంచి క్లర్కు తనకు కనిపిస్తాయి గానీ అర్థం కాదన్నాడు. చివరికి "టైపు కొట్టేది ఆమే కదా, దీనికీ కీబోర్డే కదా ఉండేది" అని తెచ్చి నా నెత్తిన పెట్టారు. టైపిస్టుకూ టీవీకీ ఏమిటయ్యా సంబంధం అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. మా ఆఫీసులో జవాబు చెప్పలేదంటే ఉత్తర్వు అయిపోయినట్టే.

అప్పటి నుంచి దూరాన ఉన్న సాక్షులను టీవీలోకి పిలవడం, వాళ్లు చెప్పేది రికార్డు చేయడం, జైల్లో ఉన్న ముద్దాయిలను వాయిదా రోజున టీవీలోనే జడ్జి గారికి చూపించడం నా పని అయింది. జైల్లోనూ ఇలాంటిదే ఇంకో టీవీ ఉంటుంది. మేము వాళ్లకు కనిపిస్తాం, వాళ్లు మాకు కనిపిస్తారు. ఇవి కాక, కాగితాలు చూపించడానికి ఒక చిన్న కెమెరా ఇచ్చారు. అది నా పక్కనున్న బల్ల మీద మెడ వంచుకుని కిందికే చూస్తూ ఉంటుంది. కేసులో దాఖలైన కాగితమో, కత్తో, కొడవలో దాని కింద పెడితే అవతలి వాళ్లకు టీవీలో కనిపిస్తుంది. మేము దాన్ని సాక్ష్యాల బల్ల అంటాం.

ఇదంతా రాకముందు వాయిదా అంటే వేరే సంగతి. ముద్దాయిలను పోలీసులు వ్యానులో తెచ్చి వరండాలో కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లవాళ్లు పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చేవాళ్లు. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి మూటగట్టుకొచ్చి, కానిస్టేబులు మొహం పక్కకు తిప్పుకోగానే తినిపించేవాళ్లు. ఆ కానిస్టేబుళ్లకు మెడలో ఏం లోపమో గానీ ఎప్పుడూ పక్కకే తిప్పుకునేవాళ్లు. నా సర్వీసులో వాయిదాకు న్యాయం కోసం వచ్చినవాళ్లను తక్కువ మందినే చూశాను. అందరూ మనిషిని చూసుకోవడానికే వచ్చేవాళ్లు.

టీవీ వచ్చాక ముద్దాయి రావడం మానేశాడు. వాళ్లవాళ్లు మాత్రం మానలేదు. అలవాటు కొద్దీ మూట పట్టుకుని వరండాలో కూర్చునేవాళ్లు.

"యాడుండాడమ్మా మావాడు?" అని ఒక పెద్దాయన నన్నే అడిగాడు.

"టీవీలో ఉండాడు నాయనా."

"టీవీలో ఉంటే సంగటి ఎట్ల పెట్టేది?"

నాకిచ్చిన శిక్షణలో దీనికి జవాబు లేదు. ఆ రోజు సాయంత్రం టీవీని గుమ్మం వైపు కొంచెం తిప్పి పెట్టాను. కనీసం బయటి నుంచి మొహమైనా కనిపిస్తుందని. ఎవరు తిప్పారని ఎవరైనా అడిగితే గట్టిగా పోట్లాడదామని సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడగలేదు.

అట్లా గుమ్మంలో నిలబడి చూసేవాళ్లలో ఒక అమ్మాయి ఉండేది. మొదట్లో నిండు కడుపుతో వచ్చేది. మొగుడిది కంబదూరు పక్క పల్లె, శనక్కాయ రైతు. గట్టు మీద బోరు వేసే దగ్గర తగాదా పడితే అవతలి మనిషి తలకాయ పగిలింది. పార ఎవరి చేతిలో ఉందో తేలేదాకా ఇతను జైల్లో. బెయిలు అడిగితే కొట్టేశారు. ఆ బోర్లో నీళ్లు కూడా పడలేదని తర్వాత విన్నాను.

కొన్ని వాయిదాలు ఆ అమ్మాయి కనిపించలేదు. పురుడు వచ్చి ఉంటుందనుకున్నాను. మళ్లీ వచ్చిన రోజున చంకలో బిడ్డ ఉంది, మొహం మీద గుడ్డ కప్పి ఉంది, పక్కన అత్త ఉంది. అత్త చేతిలో మూత పెట్టిన కంచుగిన్నె ఉంది. నెయ్యేమో అనుకున్నాను.

"నువ్వుల నూనె మేడమ్. గానుగలో ఆడించినది" అంది అత్త. "పిలగాడు మూలా నచ్చత్రంలో పుట్టినాడు. మొదటి పాదం. తండ్రికి గండం. తండ్రి ముందు నూనెలో బిడ్డ మొగం చూడాల, ఆమీదట నేరుగా చూడాల. అది జరగంది బిడ్డ మా గడప తొక్కగూడదు."

"తండ్రే ఇంట్లో లేడు గదమ్మా, గడప తొక్కితే ఏమైతాది?"

"గడప వానిది గాదా?" అంది ఆమె.

ఆమె మరిది ఒకాయన ఇట్లాగే ఏమైతాదిలే అని నూనె లేకుండా బిడ్డను ఎత్తుకున్నాడట. మళ్లీ ఉగాదికి మనిషి లేడు. బావి కూలి చనిపోయాడని కోడలు మెల్లగా చెప్పింది. "బావి ఊరికే ఎందుకు కూలతాది?" అంది అత్త.

అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. "పురుడైనప్పట్నించి ముదిగుబ్బలో మా అన్న ఇంట్లోనే ఉంటాండా మేడమ్. మా వదిన నోటితో మాట్లాడదు, గిన్నెలతో మాట్లాడతాది. నన్ను ఇంటికి తోడుకపో అత్తా అంటే నూనె అంటాది. జైలుకాడికి పోయినాం. నూనె లోపలికి పోనీయమన్యారు. నూనె లేకుండా బిడ్డను చూపీను అని అత్త బయటే కూచునింది. ఇంగ నేనూ నా బిడ్డా యాడికి పోవాల?"

నాకు ఒళ్లు మండింది. అత్త మీదా, మూలా నక్షత్రం మీదా, ఆ వదిన గిన్నెల మీదా. పో పోమ్మా, ఇది కోర్టు, గుడి కాదు అనబోయాను. కానీ ఆ పిల్ల కళ్లు చూశాక నోరు రాలేదు. ఎక్కడికీ పోవడానికి లేని ఆడదాని కళ్లు ఎట్లా ఉంటాయో నాకు చెప్పనక్కర్లేదు.

ఈలోగా వరండాలో పెద్ద చర్చ మొదలైంది. టీవీలో చూస్తే నేరుగా చూసినట్టా, నీడను చూసినట్టా? నీడే అయితే నూనెతో పనే లేదు, బిడ్డను అట్లాగే టీవీలో చూపించొచ్చు అన్నాడు కోర్టు డ్యూటీలో ఉన్న కానిస్టేబులు. వాళ్ల లాయరు గారు దీనికి ఒప్పుకోలేదు. బెయిలు పిటిషన్ మీద కూడా ఆయన అంత గట్టిగా వాదించగా నేను చూడలేదు.

"తెరలో కనిపిస్తే ముద్దాయి కోర్టుకు హాజరైనట్టేనని చట్టం చెప్తాంది. హాజరైతే మనిషి ఎదురుగా ఉన్నట్టే. ఎదురుగా ఉంటే నేరుగా చూసినట్టే. కాబట్టి నూనె లేకుండా తెరలో చూపించినా గండం గండమే."

"లాయరు శానా బాగా చెప్పినాడు" అంది అత్త. ఆయన వాదించిన కేసులో ఆమె మెచ్చుకున్న మాట అదొక్కటే.

మా అటెండరు గిన్నె మూత తీసి వాసన చూశాడు. "మన సీమలో పండేది శనక్కాయలు గదా. శనక్కాయ నూనె పనికిరాదా?" అన్నాడు. అత్త అతని వైపు చూసిన చూపుకు మూత మళ్లీ పెట్టేశాడు. తెరలో చూస్తే నేరుగా చూసినట్టే అయితే, గిన్నెను తెరలో చూపించినా నూనెలో చూసినట్టే కదా అని, దాన్ని తీసుకుపోయి సాక్ష్యాల బల్ల మీద ఒక మూల పెట్టుకున్నాను.

ఆ రోజు పొద్దున వేరే కేసులో బెంగళూరు నుంచి ఒక డాక్టరు సాక్ష్యం చెప్పాడు, టీవీలోనే. దాన్ని రికార్డు చేశాను. ఆయన మధ్యలో లేచి పోయి కాఫీ తెచ్చుకున్నాడు, అదీ రికార్డయింది. డాక్టరు అయిపోగానే జైలు కలపాలి. ఈ నూనె గొడవతో నా బుర్ర నా దగ్గర లేదు. రికార్డింగ్ ఆపకుండానే జైలు కలిపాను.

మా జడ్జి గారు కోస్తా నుంచి వచ్చిన చిన్నవాడు. ముద్దాయి తెర మీదికి వచ్చాడు, చేతులు కట్టుకున్నాడు, రిమాండు పొడిగించారు. అప్పుడాయన చూపు సాక్ష్యాల బల్ల మీద పడింది.

"ఆ గిన్నె ఏ కేసుదమ్మా?"

"ఏ కేసుదీ కాదు సార్. నూనె."

"నూనె దేనికి?"

చెప్పాను. వదినతో సహా చెప్పాను. ఆయన చాలాసేపు ఫైలు చూశారు. అందులో చూడటానికేమీ లేదు, నాకు తెలుసు.

"నేను టీకి వెళ్తున్నాను. లింకు ఎప్పుడు కట్ చెయ్యాలో మీరు చూసుకోండి, అది నా పని కాదు కదా" అని లేచి చాంబర్‌లోకి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకున్నారు. మంచివాడు. ఆయనకు బదిలీ అయినప్పుడు నిజంగానే బాధపడ్డాను.

అప్పుడు మేము చేసిన పని ఇది. జైలు వాళ్లకు సాక్ష్యాల బల్ల కనిపించేలా కెమెరా మార్చాను. గిన్నె మూత తీసి కెమెరా కింద పెట్టాను. అటెండరు గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డాడు. లాయరు గారూ కానిస్టేబులూ బల్ల పక్కకు చేరారు. బిడ్డ మొహం పొరపాటున కెమెరాకు నేరుగా పడకుండా అత్త తన కొంగు విప్పి అడ్డంగా పట్టుకుంది. అమ్మాయి బిడ్డను పక్క నుంచి గిన్నె మీదికి వంచింది. వాడు కాలితో కెమెరా మెడను ఒక్క తాపు తన్నాడు. అది పడిపోకుండా నేను రెండు చేతులతో పట్టుకున్నాను. దాంతో నా వీపు టీవీ వైపు తిరిగింది.

గిన్నెలో బిడ్డ మొహం ఎంత చక్కగా కనిపించిందో! బుగ్గలు, దిష్టి చుక్క, అన్నీ. అందరం గిన్నెలోకే చూస్తున్నాం. టీవీ వైపు చూసినవాళ్లు ఒక్కరు లేరు.

"కనపడినాడా నాయనా?" అని అరిచింది అత్త, జైలు ఎంత దూరమో అంత గట్టిగా.

అవతల చప్పుడు లేదు. లింకు పోయిందేమో అనుకున్నాను.

"కనపడినాడమ్మా" అన్నాడు అతను. మళ్లీ, "మా నాయన మాదిరే ఉండాడు" అన్నాడు.

అత్త మొగుడు పోయి చాలా కాలమైంది. అడ్డం పట్టుకున్న కొంగుతోనే మొహం కప్పుకుని హాల్లోనే ఏడ్చింది. ఆ ఏడుపులోనే కోడలితో, "పద, ఇంటికి పోదాం" అంది. కోడలు బిడ్డ మొహం మీద మళ్లీ గుడ్డ కప్పింది. నేను లింకు కట్ చేశాను. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందంటే, ఆ సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా ఎవరినీ తిట్టలేదు.

మర్నాడు డాక్టరు సాక్ష్యం కాపీ అడిగితే రికార్డింగ్ తెరిచాను. డాక్టరు ఉన్నాడు, కాఫీ ఉంది, ఆయన తర్వాత జైలు ఉంది. ఇదేమిటని చూస్తే, మొత్తం పడింది. తెరలో ఒక సగం మా బల్ల, ఒక సగం అతని మొహం.

మా సగంలో గిన్నె ఉంది. గిన్నెలో ఫ్యాను ఉంది. హాల్లో పైన తిరిగే సీలింగ్ ఫ్యాను, పక్కన ట్యూబులైటు, ఒక మూల కొంగు అంచు. బిడ్డ లేడు. మేము పక్కన నిలబడి చూశాం కాబట్టి మాకు బిడ్డ కనిపించాడు. కెమెరా నడినెత్తిన నిలబడి చూసింది కాబట్టి దానికి ఫ్యాను కనిపించింది. మాకు కనిపించింది దానికీ కనిపిస్తుందనుకున్నాం. నేను, ఒక లాయరు, ఒక కానిస్టేబులు, ఇంతమందికి ఈ మాత్రం బుద్ధి లేకపోయింది.

రెండో సగంలో అతను తెరకు ఎంత దగ్గరగా వచ్చాడంటే నుదురు తప్ప ఇంకేమీ కనిపించలేదు. వెతుకుతున్నాడు. పక్కకు జరిగి, తల వంచి, మళ్లీ వెతుకుతున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. వాళ్లమ్మ అరిచింది. అతను వెనక్కి జరిగాడు. అప్పుడు ఆ మొహం కనిపించింది. కనపడినాడమ్మా అన్న మొహం. నేను కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను. హెడ్ క్లర్కు గారు ఏమైందమ్మా అంటే కళ్లు మండుతున్నాయన్నాను. ఆయనకు కళ్ల సంగతి తెలుసు కాబట్టి నమ్మారు.

డాక్టరు ముక్క వరకు కత్తిరించి ఇచ్చాను. మిగతాది ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పిల్ల మళ్లీ ముదిగుబ్బకు, గిన్నెల చప్పుడుకు పోవాలి.

తర్వాతి వాయిదాలకు ఆమె కంబదూరు బస్సులో వచ్చేది. ఒళ్లు కాస్త వచ్చింది. బిడ్డ మొహం మీద గుడ్డ లేదు. గుమ్మంలో బిడ్డను ఎత్తి టీవీకి చూపించేది. అతను మాత్రం తల ఎత్తేవాడు కాదు. జడ్జి గారు పేరు పిలిచినా నేలకేసి చూస్తూనే పలికేవాడు. "ఇతని ఆరోగ్యం బాగుందా?" అని ఒకసారి జైలు వాళ్లను అడిగారు కూడా.

"జైలుకు బిడ్డను తేవొద్దంటాడు మేడమ్" అంది ఆమె. "ఆ గాలి మంచిది కాదంట."

"నిజమేలేమ్మా, మంచిది కాదు" అన్నాను నేను. ఇంకేమనాలి?

చివరికి బెయిలు వచ్చింది. విడుదలైన మర్నాడు కోర్టులో సంతకం చేసి పోవాలి. జైలు నుంచి నేరుగా స్నేహితుని ఇంటికి పోయి పడుకుని, పొద్దున కోర్టుకు వచ్చాడు. ఇంటివాళ్లు బస్సు దిగి వరండాలోకి వచ్చేసరికి ఇతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నోటీసు బోర్డు చదువుతున్నట్టు. ఆ బోర్డు మీద కిందటి ఏడాది సెలవుల జాబితా తప్ప ఏమీ లేదు.

"ఏమప్పా, పెండ్లాం బిడ్డ వస్తే తిరిగి చూడవా? ఇదేం పొగరు!" అన్నాడు మా అటెండరు. అత్త మెట్ల దగ్గరే ఆగిపోయింది. అమ్మాయి బిడ్డను చంకనేసుకుని అతని వీపు వెనక నిలబడింది. పిలవలేదు, ముట్టుకోలేదు. వాడప్పటికి కూర్చునే వయసు పిల్లాడు, తండ్రి చొక్కా అందుకోవాలని చెయ్యి చాపుతున్నాడు. తండ్రి ఇంకాస్త గోడకు జరిగాడు.

నేను లేచి పోయి అతని చెయ్యి పట్టుకున్నాను. "సంతకం లోపల, రా" అని హాల్లోకి తీసుకుపోయాను. భోజనం వేళ, హాలు ఖాళీ. తలుపు వేసి, "ఫ్యాను ఒక్కటే కదా కనపడింది?" అన్నాను.

అతను నన్ను చూసి అట్లాగే బెంచీ మీద కూర్చున్నాడు. "మీకెట్ల తెలుసు మేడమ్?"

"నాకు తెలుసులే."

"ఫ్యాను ఒగటి తిరుగుతాండె మేడమ్. ఎంత చూసినా అదే. కనపడలేదంటే మా యమ్మ నా పెండ్లాన్ని ఇంటికి తోడుకపోదు. కనపడినాడని అనేస్తి, ఇంగ నూనె లేకుండా నేరుగా ఎట్ల చూసేది? నాకు భయమైతాంది మేడమ్. నాకేమైనా అయితే కాదు, వాణ్ని సాకల్ల గదా." చేతులతో మొహం కప్పుకున్నాడు. మూలా నక్షత్రాన్ని నమ్మేవాళ్ల మీద నాకున్న కోపమంతా ఆ కాసేపటికి ఎక్కడికి పోయిందో.

నా టిఫిన్ బాక్సు తీశాను. పప్పులపొడిలో కలుపుకోవడానికి చిన్న డబ్బాలో నూనె తెచ్చుకుంటాను. బాక్సు మూత తుడిచి, అందులో నూనె పోసి సాక్ష్యాల బల్ల మీద పెట్టాను. కెమెరా మెడ పక్కకు తిప్పాను. ఫ్యాను ఆపేశాను. అతన్ని కళ్లు మూసుకోమని, పోయి ఆ అమ్మాయిని లోపలికి పిలిచాను. ఏం జరగబోతోందో చెబుదామని నోరు తెరిచేలోపే ఆమె మూతను చూసింది, బల్ల పక్కకు పోయి బిడ్డను వంచింది.

"ఊ, చూడు" అంది మొగుడితో.

అతను కళ్లు తెరిచి మూతలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. బిడ్డకు ఓపిక అయిపోయి చెయ్యి నూనెలో పెట్టి టపటపా కొట్టాడు. నూనె నా బల్లంతా చిందింది. అప్పుడతను తలెత్తి కొడుకును నేరుగా చూశాడు.

"మా నాయన మాదిరి లేడు గదమ్మే" అన్నాడు, నవ్వుతూ ఏడుస్తూ.

"యాడుండాడు? అచ్చం మా అన్న మాదిరి ఉండాడు" అంది ఆమె. "మీ నాయన మాదిరి ఉండాడని నువ్వు అన్నపొద్దే నాకు తెలిసిపాయ, నీకు కనపడలేదని."

ఇన్ని నెలలూ తెలిసే, అత్తకు అనుమానం రాకుండా బిడ్డను గుమ్మంలో ఎత్తి చూపించిందే గానీ, తల ఎత్తు అని ఒక్కనాడు అనలేదు. అతను లేచి బిడ్డను తీసుకున్నాడు. వాడు ఆ నూనె చేత్తోనే తండ్రి మొహమంతా తడిమాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. పాత కానిస్టేబుళ్ల మెడలు ఎందుకట్లా ఉండేవో అర్థమైంది.

బయటికి వచ్చేసరికి అత్త మెట్ల మీదే కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి, సంచిలోంచి కంచుగిన్నె అంచు కనిపిస్తోంది. కొడుకు మొహం చూసింది, నూనె కారుతోంది. మనవడి చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"శనక్కాయ నూనెనా?" అంది నన్ను.

"అవునమ్మా" అన్నాను.

ఆమె గిన్నెను సంచి అడుక్కు తోసి, కొంగుతో కొడుకు మొహం తుడిచింది. "సరేలే, అదీ నూనేలే. రాండి, బస్సు పోతాది" అంది.

వాళ్లు పోయాక బల్ల తుడుచుకుని అన్నానికి కూర్చున్నాను. ఆ రోజు పొడి ఉత్తదే కలుపుకున్నాను.